భారత తీర భద్రత

సముద్రపు ఒడ్డునూ, దాన్ని ఆనుకుని ఉన్న జలాలనూ, రేవులనూ, దీవులనూ, కడలి మధ్యనున్న చమురు బావులనూ ఉగ్రవాదం నుంచీ, ఆయుధాలు, మత్తుమందుల దొంగరవాణా నుంచీ, గూఢచర్యం నుంచీ కాపాడే ఏర్పాట్లన్నిటినీ కలిపి తీర భద్రత అంటారు. రెండు దేశాల యుద్ధనౌకల మధ్య జరిగే పోరు దీని కిందికి రాదు. అది నౌకాదళం ఎప్పటినుంచో చేస్తున్న పని. తీర భద్రతలో ఎదురయ్యే శత్రువు యూనిఫాం వేసుకుని రాడు. చేపల పడవలోనో, సరుకు ఓడలోని కంటైనరులోనో, ఫోను తెర మీది స్నేహంగానో వస్తాడు.

ఇప్పుడు మనం చూస్తున్న వ్యవస్థ చాలావరకు 2008 నవంబరు 26న ముంబయి మీద జరిగిన దాడి తర్వాత కట్టుకున్నది. అప్పటినుంచి రాడార్లు, ఉపగ్రహాలు, సమన్వయ కేంద్రాలు చాలానే వచ్చాయి. వందల మైళ్ళ దూరంలోని పెద్ద ఓడ ఏదో, ఎవరిదో, ఎటు పోతోందో గుడ్‌గావ్‌లోని సమాచార కేంద్రంలో కూర్చుని చెప్పగల స్థితికి దేశం చేరింది. కానీ ఒడ్డుకు పది మైళ్ళలో తిరిగే చిన్న పడవలో ఎవరున్నారో చెప్పడం ఇప్పటికీ కష్టమే. ముంబయికి ముప్పు వచ్చింది అలాంటి పడవలోనే.

తీరం పొడవు, జలాల హద్దులు

భారత తీరం పొడవు 7,516.6 కిలోమీటర్లని దశాబ్దాలపాటు పాఠ్యపుస్తకాలు చెప్పాయి. కేంద్ర హోంశాఖ తాజా లెక్క 11,098.81 కిలోమీటర్లు. నేల పెరగలేదు, కొలిచే తీరు మారింది. పాత లెక్క చిన్న స్కేలు పటాల మీద వేసింది. వంపులు, కయ్యలు, నదీముఖాలు, దీవుల అంచులు అందులో సరళరేఖలుగా తేలిపోయాయి. ఇప్పుడు ఇంకా వివరమైన పటాల మీద కొలిచారు. గుజరాత్ తీరం 1,214 కిలోమీటర్ల నుంచి 2,340కి, ఆంధ్రప్రదేశ్ తీరం 974 నుంచి 1,053కి చేరాయి. కాపలా కాసేవాడికి ఈ తేడా కాగితాలకే పరిమితం కాదు. పాత లెక్కలో కనిపించని కయ్యల్లోకీ పాయల్లోకీ పడవలు నిజంగానే వెళ్ళి ఆగుతాయి.

తొమ్మిది రాష్ట్రాలకు, నాలుగు కేంద్రపాలిత ప్రాంతాలకు సముద్రం ఉంది. దీవులు 1,382. దేశపు విదేశీ వాణిజ్యంలో బరువు లెక్కన 95 శాతం, విలువ లెక్కన సుమారు 70 శాతం ఈ రేవుల మీదుగానే సాగుతుంది.

జలాల హద్దులను 1976 నాటి చట్టం నిర్ణయించింది. తీరరేఖ నుంచి 12 నాటికల్ మైళ్ళు (దాదాపు 22 కిలోమీటర్లు) ప్రాదేశిక జలాలు. ఇక్కడ దేశానికి పూర్తి సార్వభౌమత్వం ఉన్నా, హాని తలపెట్టకుండా దాటిపోయే హక్కు పరాయి ఓడలకు ఉంటుంది. 24 మైళ్ళ దాకా ఉన్న పట్టీలో కస్టమ్స్ వంటి చట్టాలు అమలు చేయవచ్చు. 200 మైళ్ళ దాకా ప్రత్యేక ఆర్థిక మండలి. దీని విస్తీర్ణం సుమారు 20 లక్షల చదరపు కిలోమీటర్లు. అక్కడి చేపలు, చమురు, ఖనిజాలు మనవి. దారి మాత్రం అందరిదీ. ఈ మండలిలో పరాయి దేశాలు సైనిక విన్యాసాలు చేయాలంటే తన అనుమతి కావాలని భారత్ వాదిస్తుంది. అమెరికా దీన్ని ఒప్పుకోదు. 2021 ఏప్రిల్‌లో ఆ దేశపు యుద్ధనౌక జాన్ పాల్ జోన్స్ లక్షద్వీప్‌కు పడమరగా 130 మైళ్ళ దూరంలో అనుమతి అడక్కుండా తిరిగింది. పైగా ఆ సంగతిని అమెరికా నౌకాదళమే ప్రకటించింది. ఒకవైపు భద్రతా భాగస్వామిగా ఉంటూనే అలా చేసింది.

2008కి ముందు

తెలుగు తీరానికి సముద్రం మీదుగా వచ్చే ముప్పు కొత్తేమీ కాదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. 1971 డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ రేవు దగ్గరే మునిగింది. అది వచ్చింది విమానవాహక నౌక విక్రాంత్‌ను వెతుక్కుంటూ. ఎలా మునిగిందన్న దానిపై రెండు దేశాల కథనాలు ఇప్పటికీ కలవవు.

ఇవి యుద్ధకాలపు సంగతులు. శాంతికాలంలో తీరాన్ని వేధించింది దొంగరవాణా. 1970లలో అరేబియా సముద్రం మీదుగా బంగారం, గడియారాలు, ఎలక్ట్రానిక్ సరుకులు పడమటి ఒడ్డుకు దిగేవి. కస్టమ్స్ పడవల కంటే దొంగల పడవలే వేగంగా పోయేవి. కె.ఎఫ్. రుస్తంజీ కమిటీ సిఫార్సుతో 1977లో కోస్ట్‌గార్డు పుట్టింది. మరుసటి ఏడు దానికి చట్టం వచ్చింది. 1990లో శ్రీలంక తమిళ పులుల (ఎల్‌టీటీఈ) రాకపోకలను ఆపడానికి పాక్ జలసంధిలో నౌకాదళం ఆపరేషన్ తాషా మొదలుపెట్టింది.

1993లో దొంగరవాణా, ఉగ్రవాదం ఒకే పడవ ఎక్కాయి. ఆ ఏడాది మార్చి 12న బొంబాయిలో వరసగా పేలి 257 మందిని బలిగొన్న బాంబుల ఆర్‌డీఎక్స్, రాయగఢ్ జిల్లా తీరంలోని దిఘీ, శేఖాడీల దగ్గర దిగింది. బంగారం దించడానికి ఏళ్ళ తరబడి వాడిన దారులు, మనుషులు, మామూళ్ళే దాన్నీ దించాయి. ఆ తర్వాత మహారాష్ట్ర, గుజరాత్ తీరాల్లో నౌకాదళం, కోస్ట్‌గార్డు, పోలీసు, కస్టమ్స్ కలిసి గస్తీ తిరిగే ఆపరేషన్ స్వాన్ వచ్చింది. కార్గిల్ యుద్ధం తర్వాత మంత్రుల బృందం 2001లో ఇచ్చిన నివేదిక సముద్రపు ఒడ్డున ప్రత్యేక పోలీసు స్టేషన్లు కావాలంది. పథకం మొదలైంది 2005లో. 73 స్టేషన్లు, 204 పడవలు లక్ష్యంగా పెట్టుకున్నారు. అనేక రాష్ట్రాల్లో అది నత్తనడకన సాగింది. లారీల తనిఖీలో ఆరితేరిన పోలీసును తీసుకొచ్చి బోటు ఎక్కిస్తే అతను మొదట చేసేది వాంతి. సముద్రం తెలిసిన సిబ్బందిని ఎక్కడినుంచి తేవాలన్నది అప్పుడు ఎవరూ పెద్దగా ఆలోచించలేదు.

ముంబయి దాడి

2008 నవంబరులో కరాచీ నుంచి బయల్దేరిన పదిమంది లష్కరే తోయిబా ఉగ్రవాదులు దారిలో పోరుబందర్‌కు చెందిన కుబేర్ అనే చేపల బోటును పట్టుకున్నారు. అందులోని కళాసీలను చంపి, ముంబయి దాకా బోటు నడిపించడానికి ఒక్కణ్ణి మిగుల్చుకున్నారు. తీరానికి కాస్త దూరంలో అతన్నీ చంపి, గాలి నింపిన రబ్బరు పడవలో కొలాబాలోని మచ్ఛిమార్ నగర్ దగ్గర దిగారు. మీరెవరని వాళ్ళను అడిగిన వాళ్ళు అక్కడి జాలర్లే. సంచులు మోసుకుని ఊళ్ళోకి నడిచిపోయిన ఆ పదిమంది 166 మందిని చంపారు. ప్రాణాలతో దొరికింది అజ్మల్ కసబ్ ఒక్కడే.

సముద్ర మార్గాన దాడి జరగవచ్చన్న హెచ్చరికలు ముందే వచ్చాయి. అవి సరైన చేతికి సరైన రూపంలో చేరలేదు. కుబేర్ మీద ఎవరికీ అనుమానం రాకపోవడంలో వింత లేదు. అది భారత్‌లో నమోదైన బోటు. వేట సీజన్‌లో గుజరాత్ జలాల్లో అలాంటి బోట్లు వేలల్లో ఉంటాయి. ఒక్కొక్కదాన్నీ ఆపి చూసే లెక్కన కోస్ట్‌గార్డుకు ఓడలూ లేవు, రోజులూ చాలవు.

దాడి ముగిసిన నెల రోజుల్లోనే జాతీయ దర్యాప్తు సంస్థ, ఎన్‌ఐఏ, చట్టం వచ్చింది. చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టాన్ని కఠినం చేశారు. కమాండోలు ఢిల్లీ పక్కనున్న మానేసర్ నుంచి రావడానికి గంటలు పట్టిందన్న విమర్శతో ఎన్‌ఎస్‌జీ హబ్‌లను 2009లో హైదరాబాద్, చెన్నై, ముంబయి, కోల్‌కతాల్లో పెట్టారు. భూమిని గమనించే రాడార్ ఉపగ్రహం రిశాట్-2ను 2009 ఏప్రిల్‌లో శ్రీహరికోట నుంచి హడావుడిగా పైకి పంపారు.

ఎవరి పని ఎక్కడి దాకా

2009 ఫిబ్రవరిలో బాధ్యతలు పంచారు. మొత్తం సముద్ర భద్రతకు నౌకాదళం జవాబుదారీ. ప్రాదేశిక జలాల్లో తీర భద్రత కోస్ట్‌గార్డుది. ఒడ్డుకు దగ్గరి లోతు తక్కువ నీళ్ళు రాష్ట్రాల మెరైన్ పోలీసులవి. ముంబయి, విశాఖపట్నం, కొచ్చి, పోర్ట్ బ్లెయిర్ (ఇప్పటి శ్రీ విజయపురం)లలో ఉమ్మడి ఆపరేషన్ కేంద్రాలు వెలిశాయి. నౌకా స్థావరాల కాపలాకు వెయ్యిమందితో, 80 వేగపు పడవలతో సాగర్ ప్రహరీ బల్ ఏర్పడింది. తీరం పొడవునా, దీవుల్లోనూ మొదటి విడతలో 46 రాడార్ కేంద్రాలు కట్టారు. ఇక్కడినుంచి వచ్చే సమాచారాన్ని 2014లో గుడ్‌గావ్‌లో తెరిచిన ఐమ్యాక్ అనే సమాచార విశ్లేషణ కేంద్రం ఒక్క తెర మీదికి తెస్తుంది. నౌకాదళానికి చెందిన 20, కోస్ట్‌గార్డుకు చెందిన 31 కేంద్రాలతో అది అనుసంధానమై ఉంది. 2018లో దాని పక్కనే విదేశాలతో సమాచారం పంచుకునే మరో కేంద్రం వచ్చింది. మిత్రదేశాల నౌకాధికారులు అక్కడే కూర్చుని పనిచేస్తారు.

తీర పోలీసు పథకం రెండో విడతలో 131 స్టేషన్లు, 60 జెట్టీలు మంజూరయ్యాయి. రాష్ట్రాల వారీగా సాగర్ కవచ్ పేరుతో, రెండేళ్ళకొకసారి దేశం మొత్తం మీద సీ విజిల్ పేరుతో విన్యాసాలు జరుగుతున్నాయి. సీ విజిల్ మొదటిసారి 2019 జనవరిలో, నాలుగోసారి 2024 నవంబరులో జరిగింది. ఈ విన్యాసాల్లో ఉగ్రవాదుల వేషంలో వచ్చే బృందాలు కొన్నిసార్లు ఒడ్డుకు చేరిపోతుంటాయి. అది వైఫల్యమని పత్రికలు రాస్తాయి. నిజానికి లొసుగు ఎక్కడుందో అలా తెలుసుకోవడమే విన్యాసం ఉద్దేశం.

అసలు పరీక్షలు చెప్పిరావు. 2011 జూన్‌లో విజ్‌డమ్ అనే పాత ఓడ, అలంగ్‌లో విరగ్గొట్టడానికి లాక్కుపోతుండగా తాడు తెగి జుహూ బీచికి కొట్టుకొచ్చింది. జులై 31న పవిత్ అనే ట్యాంకరు అదే బీచి దగ్గర ఇసుకలో కూరుకుంది. ఒమన్ వైపు సిబ్బంది వదిలేసి వెళ్ళిన ఆ ఓడ ఒక మనిషి కూడా లేకుండా నెల రోజులు సముద్రం మీద తేలుతూ వచ్చింది. ముంబయి దాడి జరిగి మూడేళ్ళు తిరగకముందే, వెయ్యి టన్నుల ఓడ మూడంచెల కాపలా దాటి నగరపు ఒడ్డెక్కింది. వానాకాలపు గస్తీ పలచబడటం, రాడార్లు పూర్తికాకపోవడం వంటి సంజాయిషీలు వినిపించాయి. రాడార్ల పని ఆ తర్వాతే వేగం అందుకుంది.

అంచెలు పెరిగిన కొద్దీ అతుకులూ పెరుగుతాయి. నౌకాదళం, కోస్ట్‌గార్డు రక్షణశాఖ కింద, మెరైన్ పోలీసులు రాష్ట్రాల హోంశాఖల కింద, కస్టమ్స్ ఆర్థికశాఖ కింద, పడవల నమోదు మత్స్యశాఖ కింద, రేవులు నౌకాయానశాఖ కిందో రాష్ట్ర ప్రభుత్వాల కిందో ప్రైవేటు చేతుల్లోనో ఉంటాయి. వీటన్నిటినీ ఒక తాటి మీదికి తేవడానికి జాతీయ సముద్ర ప్రాధికార సంస్థ పెడతామంటూ 2013లో తీర భద్రత బిల్లు ముసాయిదా తయారైంది. అది చట్టం కాలేదు. కేబినెట్ కార్యదర్శి అధ్యక్షతన ఒక జాతీయ కమిటీ నడుస్తోంది. 2022 ఫిబ్రవరిలో వైస్ అడ్మిరల్ జి. అశోక్ కుమార్ మొదటి జాతీయ సముద్ర భద్రతా సమన్వయకర్తగా నియమితులయ్యారు. కార్గిల్ తర్వాత నిపుణులు అడిగిన పదవి అది. ఇరవయ్యేళ్ళు పట్టింది.

చిన్న పడవల చిక్కు

అంతర్జాతీయ నిబంధనల ప్రకారం విదేశీ ప్రయాణాలు చేసే 300 టన్నులు పైబడిన ఓడలు ఏఐఎస్ అనే గుర్తింపు పరికరం పెట్టుకోవాలి. తానెవరో, ఎక్కడుందో, ఎంత వేగంతో ఎటు పోతోందో అది పదేపదే ప్రసారం చేస్తుంది. భారత్ 20 మీటర్లకు మించిన చేపల బోట్లకూ ఇలాంటి నిబంధన పెట్టింది. దేశంలోని రెండు లక్షలకు పైగా చేపల పడవల్లో ఆ పొడవుకు మించినవి కొద్ది. మిగతావి మరబోట్లు, మోటారు బిగించిన ఫైబర్ తెప్పలు, నాటుపడవలు. చెక్క, ఫైబర్ పడవలు రాడార్‌కు సరిగా ఆనవు. ఆనినా, అలల మధ్య మినుకుమనే ఆ చుక్క వల లాగుతున్న జాలరిదో మరొకరిదో రాడార్ చెప్పదు.

అందుకని రాష్ట్రానికో రంగు చొప్పున పడవలకు రంగులు వేయించారు. జాలర్లకు బయోమెట్రిక్ గుర్తింపు కార్డులు ఇచ్చారు. పడవల నమోదును ఆన్‌లైన్‌కు మార్చారు. చేపలు దించే రేవుల్లో రాకపోకల రిజిస్టర్లు పెట్టారు. కుబేర్ కథ గుర్తున్నవారికి వీటి పరిమితి వెంటనే తడుతుంది. ఆ బోటుకు నమోదు ఉంది, నంబరు ఉంది. అందులో ఉన్నవాళ్ళే మారిపోయారు.

పరికరాల విషయంలో 2024 ఆగస్టు 30న ఒక పెద్ద అడుగు పడింది. ఇస్రో రూపొందించిన ట్రాన్స్‌పాండర్లను లక్ష పడవలకు బిగించే పథకాన్ని ప్రధాని పాల్ఘర్‌లో ప్రారంభించారు. ఖర్చు సుమారు 360 కోట్ల రూపాయలు. ఉపగ్రహం ద్వారా రెండువైపులా సందేశాలు పోతాయి. తుపాను హెచ్చరిక పడవకు చేరుతుంది, ఆపదలో ఉన్నామన్న కబురు ఒడ్డుకు అందుతుంది, అంతర్జాతీయ సరిహద్దు దగ్గర పడితే పరికరం హెచ్చరిస్తుంది. కాపలా పరికరమని ఇస్తే అటకెక్కించేదాన్ని, ప్రాణం కాపాడే పరికరమని ఇస్తే ఆన్ చేసి ఉంచుకుంటారన్నది ఇందులోని తెలివి. అయినా తమకు చేపలు పడే చోటు పక్కవాడికి తెలిసిపోతుందన్న భయంతో గుర్తింపు పరికరాలు ఆపేసే అలవాటు ఎక్కడికీ పోలేదు. అది నేరబుద్ధి కాదు, వ్యాపార రహస్యం. కానీ తెర ముందు కూర్చున్న అధికారికి ఆరిపోయిన చుక్క అనుమానపు చుక్కే.

జాలరిని దేశానికి కళ్ళూ చెవులూ అని ప్రతి సభలోనూ పొగుడుతారు. కోస్ట్‌గార్డు 1554, మెరైన్ పోలీసు 1093 నంబర్లు చెప్పి, కొత్త ముఖం కనిపిస్తే ఫోన్ చేయమంటారు. అదే జాలరిని రోజుకు రెండుసార్లు ఆపి కాగితాలు అడుగుతారు. ఫోన్ చేసినవాణ్ణే సాక్షిగా స్టేషన్ చుట్టూ తిప్పితే రెండోసారి ఎవరూ ఫోన్ చేయరు. తీరంలో పనిచేసిన పోలీసు అధికారులకు ఈ సంగతి తెలుసు. పథకాల పత్రాల్లో మాత్రం దీనికి పద్దు కనిపించదు.

సరిహద్దు దగ్గర చిక్కు ఇంకా పెద్దది. కచ్ అంచున 96 కిలోమీటర్ల సర్ క్రీక్ ఎవరికెంతో తేలనందున భారత, పాకిస్తాన్‌ల మధ్య సముద్ర సరిహద్దు ఒప్పందమే లేదు. చేపలు ఎటుంటే పడవ అటు పోతుంది. రెండు దేశాలూ ఒకరి జాలర్లను ఒకరు పట్టుకుంటాయి. 2008 నాటి ఒప్పందం ప్రకారం ఏటా జనవరి 1న, జులై 1న ఖైదీల జాబితాలు మార్చుకుంటాయి. ఈ జాబితాల్లో తెలుగు పేర్లూ ఉంటాయి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి ఏటా వందలాది మంది వేటపనికి గుజరాత్‌లోని వీరావల్ వలసపోతారు. 2018 నవంబరులో అలా వెళ్ళిన 22 మంది పాకిస్తాన్‌కు చిక్కారు. వారిలో 20 మంది 2020 జనవరి 6న వాఘా దగ్గర విడుదలయ్యారు. తండేల్ సినిమాకు ఆధారం ఈ ఉదంతమే. తమిళ జాలర్లకు శ్రీలంకతో ఇదే గొడవ. 1974 ఒప్పందంతో కచ్చతీవు అటుపక్కకు పోవడం దగ్గర మొదలై, మన మరబోట్లు సముద్రపు అడుగు ఊడ్చేస్తున్నాయన్న జాఫ్నా జాలర్ల ఫిర్యాదు దాకా అది సాగుతుంది. ఆ ఫిర్యాదులో నిజం లేకపోలేదు.

ఆంధ్ర తీరం

తూర్పు నౌకాదళ కమాండ్ కేంద్రం విశాఖపట్నం. అణు జలాంతర్గామి అరిహంత్ 2009 జులై 26న జలప్రవేశం చేసింది ఇక్కడే. 2016లో అంతర్జాతీయ నౌకాదళ సమీక్ష, 2022లోనూ 2024లోనూ మిలన్ విన్యాసాలు ఇక్కడే జరిగాయి. కాస్త దక్షిణాన రాంబిల్లి దగ్గర కొత్త నౌకా స్థావరం తయారవుతోంది. శ్రీహరికోట రాకెట్ కేంద్రం, కృష్ణా గోదావరి బేసిన్ చమురు, గ్యాస్ బావులు, కాకినాడ, గంగవరం, కృష్ణపట్నం రేవులు ఈ తీరం మీదే ఉన్నాయి. పడమటి తీరంతో పోలిస్తే పాకిస్తాన్‌కు దూరం కాబట్టి తూర్పు తీరం క్షేమమన్న భావన చాలాకాలం ఉండేది. ముంబయి తర్వాత అది పోయింది. కళింగపట్నం, సూర్యలంక వంటి చోట్ల మొదలుపెట్టి రెండు విడతల్లో కలిపి రాష్ట్రానికి 21 మెరైన్ పోలీసు స్టేషన్లు వచ్చాయి. కాకినాడ, నిజాంపట్నం, కృష్ణపట్నంలలో కోస్ట్‌గార్డు స్టేషన్లు ఉన్నాయి.

ఈ తీరం మీద బయటపడిన ఒక పెద్ద కేసు పడవలో రాలేదు. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ఇంటెలిజెన్స్ పోలీసులు, కేంద్ర నిఘా సంస్థలు, నౌకాదళ నిఘా విభాగం కలిసి చేసిన ఆపరేషన్ డాల్ఫిన్స్ నోస్‌లో ఏడుగురు నావికులు అరెస్టయ్యారు. సామాజిక మాధ్యమాల్లో ఆడపేర్లతో పరిచయం పెంచుకున్న పాకిస్తాన్ ఏజెంట్లు ఓడలు, జలాంతర్గాముల కదలికలను వాళ్ళనుంచి రాబట్టారన్నది అభియోగం. డబ్బు హవాలా దారిన వచ్చిందన్నారు. దర్యాప్తు ఎన్‌ఐఏకు వెళ్ళింది. ఆ నెలాఖరులోనే నౌకాదళం స్థావరాల్లో, ఓడల్లో స్మార్ట్‌ఫోన్లను, ఫేస్‌బుక్‌ను నిషేధించింది. రాడార్లకు పెట్టిన ఖర్చుతో పోలిస్తే శత్రువు పెట్టిన ఖర్చు లెక్కలోకి రానంత చిన్నది.

మత్తుమందుల దారి

2021 సెప్టెంబరులో గుజరాత్‌లోని ముంద్రా రేవులో రెవెన్యూ నిఘా విభాగం (డీఆర్‌ఐ) అధికారులు రెండు కంటైనర్లు తెరిస్తే 2,988 కిలోల హెరాయిన్ దొరికింది. అఫ్ఘానిస్తాన్ టాల్క్ రాళ్ళని రాసి ఇరాన్‌లోని బందర్ అబ్బాస్ మీదుగా పంపిన సరుకు అది. దిగుమతిదారు సంస్థ నమోదైన చిరునామా విజయవాడ. సరుకు ముంద్రాకు, కాగితం విజయవాడకు, లాభం మరెక్కడికో పోయే ఈ వ్యాపారంలో ఉగ్రవాద నిధుల కోణం ఉందని ఎన్‌ఐఏ దర్యాప్తు చేపట్టింది.

2024 ఫిబ్రవరిలో గుజరాత్ తీరం బయట నౌకాదళం, మాదకద్రవ్య నియంత్రణ బ్యూరో ఒక పడవ నుంచి దాదాపు 3,300 కిలోల మత్తుమందు పట్టుకున్నాయి. చాలాభాగం చరస్. నవంబరులో అండమాన్ సముద్రంలోని బ్యారెన్ దీవి దగ్గర కోస్ట్‌గార్డు ఒక మయన్మార్ బోటును ఆపితే 5,500 కిలోలకు పైగా మెథాంఫెటమిన్ దొరికింది. అంటే ముప్పు పడమటినుంచే కాదు, తూర్పునుంచీ వస్తోంది. మయన్మార్‌లో అంతర్యుద్ధం ముదిరాక ఆ దారి రద్దీ పెరిగింది. 2025 ఏప్రిల్‌లో గుజరాత్ దగ్గర ఇంకో ఉదంతం జరిగింది. కోస్ట్‌గార్డు ఓడ వెంటబడగానే దొంగలు 300 కిలోలకు పైగా సరుకు నీళ్ళలో పారేసి, సరిహద్దు రేఖ దాటి పోయారు. సరుకు దొరికింది, మనుషులు దొరకలేదు. సముద్రంలో ఆ రేఖ కనబడదు కానీ దాటిన ఓడకు చేతులు కట్టేస్తుంది.

కంటైనర్లన్నిటినీ విప్పి చూడటం ఏ రేవుకూ సాధ్యం కాదు. స్కానర్లు, ముందస్తు సమాచారం, అనుమానపు గుర్తులను బట్టి కొన్నిటినే ఎంచుకుంటారు. పెద్ద రేవులకు సీఐఎస్‌ఎఫ్ కాపలా ఉంది. రాష్ట్రాల అధీనంలోని చిన్న రేవుల్లో భద్రత ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది.

దూరజలాలు, అంతర్జాతీయ చట్టం

సముద్రపు దొంగతనం అంటే చట్టం దృష్టిలో సొంత లాభం కోసం, ఏ దేశానికీ చెందని జలాల్లో, ఒక ఓడ మరో ఓడ మీద చేసే దాడి. 1982 నాటి ఐక్యరాజ్య సమితి సముద్ర చట్టం ఇచ్చిన నిర్వచనం ఇది. అలాంటి దొంగలను ఏ దేశమైనా పట్టి విచారించవచ్చు. రాజకీయ ఉద్దేశంతో ఓడను పట్టుకుంటే ఈ నిర్వచనం పనిచేయదు. 1985లో పాలస్తీనా సాయుధులు అకిలే లారో అనే ప్రయాణికుల నౌకను హైజాక్ చేశాక ఆ లోటు పూడ్చడానికి 1988లో వేరే ఒప్పందం చేసుకున్నారు. భారత్ దానికి అనుగుణంగా 2002లో చట్టం చేసింది. సముద్రపు దొంగల మీద మాత్రం చాలాకాలం మనకు ప్రత్యేక చట్టం లేదు. 2011లో అరేబియా సముద్రంలో పట్టుబడిన వందమందికి పైగా సోమాలీలను ఏ సెక్షన్ కింద విచారించాలో తేలక కేసులు ఏళ్ళు నడిచాయి. 2022 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన చట్టం ఆ లోటు తీర్చింది.

దాని మొదటి పెద్ద పరీక్ష 2024 మార్చిలో వచ్చింది. సోమాలీ దొంగలు మూడు నెలల కిందట పట్టుకున్న రుయెన్ ఓడను ఐఎన్‌ఎస్ కోల్‌కతా దాదాపు 40 గంటలు వెంటాడింది. సీ-17 విమానం నుంచి నౌకాదళపు మార్కోస్ కమాండోలు సముద్రంలోకి దూకారు. 35 మంది లొంగిపోయారు, 17 మంది సిబ్బంది క్షేమంగా బయటపడ్డారు. నిందితులను ముంబయికి తెచ్చి కొత్త చట్టం కింద కేసు పెట్టారు. తీరానికి 2,600 కిలోమీటర్ల దూరంలో చేసిన ఆ పని నౌకాదళపు సత్తాకు నిదర్శనం. అంత దూరంలో చేయగలిగినది కచ్ కయ్యల్లో కష్టమవుతోంది కదా అనిపించడమూ సహజమే.

దొంగల భయం నుంచి పుట్టిన వ్యాపారం ఇంకో తలనొప్పి తెచ్చింది. ఓడల్లో సాయుధ కాపలాదారులను ఎక్కించడం 2010 ప్రాంతాల్లో మామూలైంది. 2012 ఫిబ్రవరి 15న కేరళ తీరం దగ్గర ఇటలీ ట్యాంకరు ఎన్రికా లెక్సీ మీదున్న ఆ దేశపు నావికులు ఇద్దరు భారత జాలర్లను దొంగలనుకుని కాల్చి చంపారు. విచారించే హక్కు ఎవరిదన్న గొడవ అంతర్జాతీయ మధ్యవర్తిత్వానికి పోయింది. నావికులకు రక్షణ ఉందనీ, భారత్‌కు నష్టపరిహారం చెల్లించాలనీ 2020లో తీర్పు వచ్చింది. 10 కోట్ల రూపాయలు జమ అయ్యాక 2021 జూన్‌లో సుప్రీంకోర్టు కేసు మూసేసింది. 2013 అక్టోబరులో తూత్తుకుడి దగ్గర పట్టుబడిన సీమన్ గార్డ్ ఒహాయో కథ మరొకటి. కాపలాదారుల తుపాకులు దాచే తేలే ఆయుధాగారమది. అందులోని 35 మందికి కింది కోర్టు ఐదేళ్ళ శిక్ష వేస్తే మద్రాసు హైకోర్టు 2017లో కొట్టేసింది.

ఉగ్రవాదం మీద సమగ్ర అంతర్జాతీయ ఒప్పందం కావాలని భారత్ 1996లోనే ఐక్యరాజ్య సమితిలో ప్రతిపాదించింది. విముక్తి పోరాటాలనూ ప్రభుత్వ సైన్యాలనూ ఏ కోవలో పెట్టాలన్న దగ్గర అది ఇప్పటికీ ఆగిపోయి ఉంది. పనులు నడుస్తున్నది ద్వైపాక్షిక, ప్రాంతీయ దారుల్లోనే. ముంబయి కుట్రలో నిందితుడు తహవ్వుర్ రాణా 2025 ఏప్రిల్ 10న అమెరికా నుంచి భారత్ చేరాడు. దాడి జరిగి అప్పటికి పదహారేళ్ళు దాటింది. అదే కుట్రలో దోషి డేవిడ్ హెడ్లీ అక్కడి జైల్లోనే 35 ఏళ్ళ శిక్ష అనుభవిస్తున్నాడు. ఇరుగుపొరుగుతో కొలంబో భద్రతా సదస్సు పనికొస్తోంది. శ్రీలంక, మాల్దీవులతో 2011లో మొదలైన ఈ ఏర్పాటు మధ్యలో ఆగి, 2020లో మళ్ళీ లేచింది. మారిషస్, బంగ్లాదేశ్ చేరాక 2024 ఆగస్టులో దానికి నియమావళి కుదిరింది. ఈ దేశాల్లో ప్రభుత్వం మారినప్పుడల్లా ఈ స్నేహం ఎక్కువ తక్కువలవుతుంది. 2022 ఆగస్టులో చైనా నిఘా ఓడ యువాన్ వాంగ్-5 శ్రీలంకలోని హంబన్‌టోటా రేవులో ఆగినప్పుడు ఢిల్లీకి అది బాగా అర్థమైంది.

డ్రోన్లు, సముద్రగర్భ కేబుళ్ళు

2023 డిసెంబరు 23న పోరుబందర్‌కు నైరుతిగా 200 మైళ్ళకు పైగా దూరంలో, మంగళూరుకు వస్తున్న కెమ్ ప్లూటో అనే ట్యాంకరు మీద డ్రోన్ దాడి జరిగింది. ఇరాన్ నుంచి వచ్చిందని అమెరికా అంటే ఇరాన్ కొట్టిపారేసింది. ఎర్రసముద్రంలో యెమెన్‌కు చెందిన హౌతీలు ఓడల మీద దాడులు చేస్తున్న రోజులవి. పడవ మీద పడవ చేసే దాడి కాదు కాబట్టి దొంగతనపు నిర్వచనం దీనికి సరిపోదు. పంపినవాడు తానేనని ఒప్పుకోడు కాబట్టి యుద్ధమనీ అనలేం. భారత్ వెంటనే మూడు విధ్వంసక నౌకలను అరేబియా సముద్రంలో నిలిపింది. మనిషి లేని పడవలతో పెద్ద ఓడల్ని ముంచవచ్చని నల్లసముద్రంలో ఉక్రెయిన్ చూపించింది. అలాంటి పడవ, మన తీరపు రాడార్ల మీద ఫైబర్ తెప్పలాగే కనిపిస్తుంది. పైనుంచి చూడటానికి 2020లో నౌకాదళం రెండు సీగార్డియన్ డ్రోన్లను అద్దెకు తీసుకుని చెన్నై దగ్గరి అరక్కోణం స్థావరం నుంచి నడిపింది. 2024 అక్టోబరులో 31 డ్రోన్ల కొనుగోలుకు ఒప్పందం కుదిరింది. అందులో నౌకాదళం వాటా 15.

2025 ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని ఉగ్రవాదులు చంపాక, మే 7న ఆపరేషన్ సిందూర్ మొదలైనప్పుడు నౌకాదళం అరేబియా సముద్రంలో ముందుకు జరిగి నిలిచింది. ఆ రోజుల్లో తీర రాష్ట్రాలన్నిటా రేవులు, చేపల హార్బర్లు అప్రమత్తమయ్యాయి.

ఇక కంటికి ఆననివి సముద్రగర్భ కేబుళ్ళు. విదేశాలతో దేశపు ఇంటర్నెట్ సంబంధం దాదాపు అంతా వీటి మీదే నడుస్తుంది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ లెక్క ప్రకారం 17 కేబుళ్ళు 14 కేంద్రాల్లో ఒడ్డెక్కుతాయి. అందులో ఎక్కువ ముంబయి, చెన్నైలలోనే ఉన్నాయి. 2024 తొలినాళ్ళలో హౌతీల క్షిపణి తగిలిన రూబీమార్ ఓడ ఎర్రసముద్రంలో లంగరు ఈడ్చుకుంటూ పోతే కేబుళ్ళు తెగాయి. 2025 సెప్టెంబరులో జెడ్డా దగ్గర తెగినప్పుడు భారత్‌లోనూ నెట్ నెమ్మదించింది. ప్రాదేశిక జలాలు దాటాక కేబుల్ తెంపిన పరాయి ఓడ మీద తీరదేశానికి చట్టం ఇచ్చిన అధికారం చాలా తక్కువ. శిక్షించాల్సింది ఆ ఓడ ఎగరేసిన జెండా దేశమే. మరమ్మతుకూ విదేశీ ఓడలే దిక్కు. భారత జెండా కింద మరమ్మతు ఓడలు ఉండాలని ట్రాయ్ 2023లో సిఫార్సు చేసింది. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖపట్నంలో ప్రకటించిన 1,500 కోట్ల డాలర్ల డేటా కేంద్రంతోపాటు కొత్త సముద్రగర్భ కేబుళ్ళు కూడా ఆ ఒడ్డుకే వస్తాయి. ముంబయి, చెన్నైల భారం కొంత పంచుకునే ఆ కేబుళ్ళ కాపలా కూడా ఇకమీదట విశాఖలోని ఉమ్మడి ఆపరేషన్ కేంద్రం పనుల్లో చేరుతుంది.